నది దాటి తిరిగొచ్చిన గుండిగ

"ఇనప కుండ మళ్ళీ కారుతోంది అత్తయ్యా. పొయ్యంతా బురదైపోయింది. గోడకి మంచి రాగి గుండిగ వేలాడుతుంటే ఈ పగుళ్ళ కుండతో మనకేం పని?"

"ఈ పగుళ్ళ కుండే నీ మొగుణ్ణి పెంచింది. మూడేళ్ళ నుంచీ నిన్ను పెంచలేదా?"

"పెంచింది. సగం సంకటి పొయ్యికి పెట్టి, మిగతా సగం నాకు పెట్టింది."

"నీ నోటికి పగులు రాలేదు, అదే పదివేలు. ఆ బంకమట్టి ఇటివ్వు."

మా అత్తగారు మార్గరెట్ బంకమట్టిలో బూడిద కలిపి పగులుకు మెత్తింది. మరో గంటకు అది ఎండి రాలింది. నిప్పు మీద నీళ్ళు చుయ్యిమన్నాయి. నేను తుడిచాను. ఆ నెలలో ఇది రోజూ జరిగేదే. పొయ్యి గురించి నా సాధింపు కాస్త ఎక్కువేనని నాకు తెలుసు. కానీ కుండ కారడం మాత్రం నిజం.

ఆ రాగి గుండిగ ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. ఓడలో సముద్రం దాటింది, గుర్రం వీపు మీద కొండలు దాటింది. నేను ఈ ఇంటికి రాకముందు ఒక చలికాలంలో పోయింది. ఊట దగ్గర తోమి బోర్లిస్తే నది అవతలి ఆదివాసులు, డెలావేర్ తెగవాళ్ళు ఎత్తుకుపోయారని ఆవిడ చెప్పింది. సైకమోర్ వాగు పొడుగునా ఉన్న ఇళ్ళన్నిటికీ ఆ కథ తెలుసు. ఆవిడ చిన్న కొడుకు గావిన్ పదహారేళ్ళప్పుడు ఆ కథ విన్నాడు.

ఈ మార్చిలో మా వాగు మీది మగవాళ్ళు తుపాకులు పట్టుకుని ఒహాయో నది దాటారు. అవతల ఒక ఊరుంది. అక్కడి డెలావేర్లు బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్ళు. వాళ్ళకీ పాదిరి ఉన్నాడు, వాళ్ళూ కీర్తనలు పాడతారు. మనవాళ్ళు వెళ్ళేసరికి వాళ్ళు పాత చేలల్లో మిగిలిన మొక్కజొన్న ఏరుకుంటున్నారట. తిరిగొచ్చిన మగవాళ్ళ వెంట గుర్రాలున్నాయి, తోళ్ళున్నాయి, తగరం పళ్ళేలున్నాయి. గావిన్ వెంట గుండిగ ఉంది. అంచు మీద మూడు గాట్లు. మా పందుల చెవులకూ అవే మూడు గాట్లు. ఈ వాగు మీద ఏది ఎవరిదో తెలియడానికి చదువు రానక్కర్లేదు.

ఇరుగుపొరుగు వచ్చి గుండిగను చూసి వెళ్ళారు. "దొంగసొమ్ము ఇంటికి చేరింది" అన్నారు. ఆ ఊళ్ళో ఇంకెవరైనా మిగిలారా అని ఒక్కరూ అడగలేదు. మిగల్లేదని అందరికీ తెలుసు. పిల్లలు కూడా మిగల్లేదు. ఆ మాట నా చెవిన పడినప్పుడు నేను పెనం మీద రొట్టె తిరగేస్తున్నాను. రెండో వైపు కూడా సరిగ్గానే కాల్చాను.

మే నెలలో మళ్ళీ కబురొచ్చింది. శనివారం తెల్లవారగానే నది దగ్గర చేరాలి, ఈసారి ఇంకా లోపలికి వెళతారు. గావిన్ వస్తానన్నాడు. మార్చిలో కాలికి గొడ్డలి దెబ్బ తగిలి వెళ్ళని మా ఆయన ఆర్చీ, "వాణ్ణొక్కణ్ణీ పంపను, వాడు వెళితే నేనూ వెళతా" అన్నాడు. అప్పటికి నా కడుపులో బిడ్డ కదులుతోంది. ఇద్దరికీ దారి బత్తెంగా వేయించిన మొక్కజొన్న దంచి మూటలు కట్టాను.

బుధవారం సంఘపెద్ద ఫిన్లే గారు గుర్రం మీద వచ్చారు. ఆదివారం ప్రభువు బల్ల, సంఘమంతా కలిసి కూర్చుని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. యోగ్యులైనవాళ్ళకు ముందుగా సీసపు బిళ్ళలు పంచుతారు. బిళ్ళ లేనిదే ఎవరూ బల్ల దగ్గర కూర్చోకూడదు. మా అత్తగారు రెండు చేతులూ ఏప్రన్ కింద దాచుకుంది.

"ఈసారి నాకొద్దండీ."

"మీకే వద్దంటే ఇంకెవరికివ్వను మార్గరెట్ గారూ? నా గుర్రానికా?"

ఆవిడ నవ్వలేదు. ఆయన నా బిళ్ళ నాకిచ్చి, ఆవిడది సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళలో ఆవిడ ఒక్క బల్లకూ దూరం కాలేదు. ప్రసవమైన పదో రోజున కూడా వెళ్ళిందని చెప్పుకుంటారు.

నేను కట్టెల దగ్గరికి వెళ్ళాను. గావిన్ చీలుస్తున్నాడు. వచ్చినప్పటి నుంచీ అతను చేసే పని అదే. రెండు చలికాలాలకు సరిపడా కట్టెలు పేర్చి ఉన్నాయి.

"మీ అమ్మ బిళ్ళ పుచ్చుకోలేదు" అన్నాను.

"విన్నా."

"గుండిగ వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ అదోలా ఉంది."

అతను ఇంకో దుంగ నిలబెట్టాడు. "అది నా కంటపడకపోతే ఏమయ్యేదో వదినా. కొంతమంది వదిలేద్దాం అన్నారు. ప్రార్థనలు చేసుకునేవాళ్ళు, వీళ్ళనేం చేస్తాం అన్నారు. నేనే గుండిగ ఎత్తి చూపించా. ఇది మాదే, ఇదిగో మా గుర్తు అన్నా. ఆ తర్వాత వదిలేద్దాం అన్నవాడు లేడు."

దుంగ చీలింది.

"అది ఉన్న ఇంట్లో ఒకావిడ ఉంది. అమ్మ ఈడు. నేను ఎత్తుతుంటే గుండిగ మీద చెయ్యేసి మార్గరెట్, మార్గరెట్ అంది. ఎంత పొగరు, ఎవరిది దోచిందో పేరు కూడా గుర్తుపెట్టుకుంది అనుకున్నా." అతను గొడ్డలి పదును వేలితో చూసుకున్నాడు. "దొంగలకి పేర్లెలా తెలుస్తాయి వదినా?"

"నాకు తెలీదు" అన్నాను. నిజంగానే తెలియదు.

సాయంత్రం మా అత్తగారు పాలు పిండుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఆ ఊళ్ళో ఒకావిడ మీ పేరు పలికిందట అత్తయ్యా. గుండిగ పట్టుకుని."

పాలధార ఆగింది. మళ్ళీ మొదలైంది.

"సలోమి" అంది ఆవిడ. "బాప్తిస్మం పేరు. అసలు పేరు నాకు నోరు తిరగలేదు."

ఆవు పొదుగు ఖాళీ అయ్యేలోపు ఆవిడ మిగతాది చెప్పింది. మామగారు పోయిన చలికాలం అది. ఉప్పు కోసం కొండలు దాటిన ఆర్చీ, గావిన్ మంచులో చిక్కుకుని సమయానికి తిరిగి రాలేదు. గాదె అడుగు కనిపించింది. ఆవిడ గడ్డకట్టిన నది మీద నడిచి, మొక్కజొన్నకు బదులివ్వడానికి గుండిగ పట్టుకెళ్ళింది. సలోమి రెండు బస్తాలు ఇచ్చి, గుండిగ వద్దంది. తన కొడుకు చేత బస్తాలు నది దాకా మోయించింది.

"నేనే అక్కడ పెట్టేసి వచ్చా. బిచ్చం తెచ్చుకున్నానని నాకు నేను అనుకోలేక."

"మరి ఎత్తుకుపోయారని ఎందుకన్నారు?"

"ఏమని చెప్పుకోను? డెలావేర్ల గుమ్మంలో చెయ్యి చాచానని చెప్పుకోనా? ఆ ఏడాది ఎవరో ఒకళ్ళు ఏదో ఒకటి ఎత్తుకుపోతూనే ఉన్నారు. ఆ లెక్కలో ఇదొకటి కలిస్తే ఏం పోయింది అనుకున్నా."

"గావిన్‌కి చెప్పండి."

"చెబితే వాడు బతుకుతాడా?"

"చెప్పకపోతే శనివారం వెళతాడు. వెనకాలే మీ పెద్ద కొడుకూ వెళతాడు."

ఆవిడ పాల తపేలా నా చేతికిచ్చింది. "వడకట్టు. మొన్న వెంట్రుక వచ్చింది" అంది.

గురువారం గడిచింది. కుండ కారింది, నేను తుడిచాను.

శుక్రవారం సాయంత్రం ఊట నుంచి నీళ్ళు తెచ్చేసరికి పొయ్యి గొలుసుకు రాగి గుండిగ వేలాడుతోంది. అందులో సంకటి ఉడుకుతోంది. ఇనప కుండ బయట గోడ పక్కన బోర్లించి ఉంది.

"ఏంటి, ఇవాళ పొయ్యి ఏడవట్లేదు?" అన్నాడు ఆర్చీ. ఎవరూ నవ్వకపోయేసరికి ప్రార్థన చెప్పేశాడు.

రెండు తుపాకులు తలుపు దగ్గరున్నాయి, మూటలు మేకుకున్నాయి. మా అత్తగారు అందరికీ సంకటి పెట్టి, పాలు పోసి, కూర్చుంది. కొట్టంలో నాకు చెప్పిందంతా ఆ వరసలోనే మళ్ళీ చెప్పింది. పిండి అప్పు తెచ్చిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"ఆదివారం బల్ల వెయ్యకముందు సంఘం ఎదుట నిలబడి ఇదే చెబుతా" అంది చివర. "గుండిగ తీసుకెళ్ళి అందరికీ చూపించి చెబుతా."

ఆర్చీ చెంచా కింద పెట్టాడు. "అమ్మా, ఆ మాట అంటే ఈ వాగు మీద మన పొయ్యికి నిప్పిచ్చేవాడు కూడా ఉండడు. మార్చిలో వెళ్ళిన ప్రతివాడి ఇంటి ముందూ ఉమ్మినట్టే. వీణ్ణేమంటారో ఆలోచించావా?"

"ఆలోచించా. రెండు నెలల్నుంచీ ఇంకేం చేశాను?"

గావిన్ తింటూనే ఉన్నాడు. గిన్నె అడుగు గీకి, చెంచా నాకి, పక్కన పెట్టాడు.

"నేను నీ కొడుకునా అని ఆవిడ అడిగి ఉంటుంది" అన్నాడు. "నా ముక్కు నీ ముక్కేగా. మార్గరెట్ కొడుకువా అని. అంతే అయ్యుంటుంది."

పొయ్యి పొడిగా మండుతోంది. అంత ఇష్టపడి అడిగిన పొడి పొయ్యిని చూస్తూ కూర్చున్నాను.

"ప్రార్థనమందిరం అంత దూరం నువ్వు మొయ్యలేవు" అన్నాడు గావిన్ తల్లితో. "బరువు. ఆదివారం నేను మోస్తా. నువ్వు చెప్పాక, నేనేం చేశానో నేను చెబుతా."

ఆదివారం ఇక్కడ ఉండాలంటే శనివారం నది దాటకూడదు. ఆర్చీకి అది అందడానికి కాసేపు పట్టింది. తమ్ముణ్ణి చూశాడు, తలుపు దగ్గరి తుపాకుల్ని చూశాడు. తర్వాత గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ మూటలు విప్పెయ్యి" అన్నాడు నాతో. "రేపు మేమెక్కడికీ పోవట్లేదు."