పొంగలిబండ కింద వాల్వు

ఆండి కంటికి కట్టు కట్టి రెండు గంటలు కాలేదు, ఊరినుంచి ఫోను.

మదురై కంటి ఆసుపత్రిలో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. సాయంత్రందాకా కదలవద్దని డాక్టరు చెప్పిపోయాడు. భార్య సెల్లాయి ఫోను చెవికి ఆనించింది. కోడలు పాండీశ్వరి గొంతు.

"మామా, దొడ్డికాడ పైపు పగిలిపోయింది. నీళ్ళు కాలవ మాదిరి పోతా ఉండాది. వాల్వు ఏడ పెట్టినారు?"

ఆండి ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు.

ఆ దొడ్డి దేవుడి ఆవులది. తమిళ సీమలో తరాలుగా తెలుగు మాట్లాడే వాళ్ళ కులంవాళ్ళు దేవుడి పేరు చెప్పి వదిలిన ఆవులు. అమ్మరు, కొట్టరు. ఆ మందకు నీళ్ళు చూసే పని పదకొండేళ్ళుగా ఆండిది. ఎత్తు మీద ట్యాంకు, కింద తొట్టి, నడుమ మట్టిలో పైపు. తొట్టి నిండితే తేలే బంతి నీళ్ళను ఆపుతుంది. పైపు పగిలితే మాత్రం వాల్వు కట్టేయాలి. ఉండేది ఒకటే వాల్వు, ఇత్తడిది. ఇత్తడి అంటే దొంగకు ఆశ. రెండుసార్లు ఊడబెరుక్కుని పోయిరి. మూడోసారి ఊడలేదని రాయితో తల విరిచిపోయిరి.

ఇనుప పెట్టె చేయించి తాళం వేస్తానన్నాడు ఆండి. పెద్దలు ఒప్పుకోలేదు. "దేవుడి ఆవుల కాడ తాళమా? ఎవడిమీద నమ్మకం లేక?"

ఎవడిమీదా లేదు. ఆ మాట ఆండి మనసులోనే పెట్టుకున్నాడు. ఒకనాడు తెల్లవారకముందే గడ్డపార తీసుకుని ఒక్కడే పోయాడు. దొడ్డి ముందర పొంగలిబండ ఉంది. ఏడాదికొక దినం ఆడవాళ్ళు దానిమీద పొయ్యి పెట్టి పొంగలి పొంగిస్తారు. మిగతా దినాలు దానికి కాలు తగలనివ్వరు. పైపు దాని పక్కనుంచే పోతుంది. ఆండి బండ దొర్లించి, గుంత తీసి, పైపును అటు తిప్పి, కొత్త వాల్వు బిగించి, మళ్ళీ బండ కప్పాడు. మనవాడు ఆ బండను ముట్టడు. పరాయివాడికి కింద ఏముందో తెలియదు. చెంపలు వేసుకుని ఇంటికి వచ్చాడు. సెల్లాయికి కూడా చెప్పలేదు.

"ఎవరుండారు ఆడ?" అన్నాడు ఫోనులో.

"నేనూ, మా జీవా, ఇంకా నలుగురు."

"ఎవరా నలుగురు?"

"ఏం మామా, ఓటు వేసేదానికి వచ్చిండారా వాళ్ళు? ట్యాంకు ఖాళీ అవుతా ఉంది. సాయంత్రందాకా మోటారుకు కరెంటు రాదు. మేతకు పోయిన మంద పన్నెండున్నరకు దిగుతుంది. ఈ ఎండలో నీళ్ళు లేకపోతే దూడలు పడిపోతాయి."

జీవా పాండీశ్వరి తమ్ముడు. పైపుల పనివాడు. దొంగ ఇత్తడి కొనే పాత ఇనుప అంగళ్ళ వాళ్ళంతా వాడికి స్నేహితులు. అదొక ముల్లు ఆండికి. ఆడవాళ్ళ ముందర బండ సంగతి బయటపడితే అదింకొక ముల్లు.

"నేనే వస్తా ఉండాను," అని లేచాడు.

"ఏమయ్యా, కన్ను కావాలా వద్దా?" అంటూనే సెల్లాయి సంచి సర్దింది. ఆయన కూర్చోడని ఆమెకు తెలుసు.

బస్సులో కూడా ఆయన కూర్చోలేదు. స్టాపు వచ్చిన ప్రతిసారీ లేచి ముందుకు చూశాడు. కట్టు కింద కన్ను సలుపుతూ ఉంది.

"నువ్వు లేస్తే బస్సు పరుగెత్తదు. కూర్చో," అంది సెల్లాయి.

ఉసిలంపట్టి దాటగానే మళ్ళీ ఫోను. ఈసారి జీవా.

"మామా, ట్యాంకు తట్టి చూస్తి. పావుభాగం ఉంటే ఎక్కువ. పగిలినకాడ సైకిలు ట్యూబు చుట్టితి, నిలవలేదు. యాభై అడుగుల పైపు, ఏడని తవ్వేది? చెప్పండి."

ఆండి గొంతు తగ్గించాడు. "ఆ బండ..."

"ఏమి? వినపడలేదు."

డ్రైవరు హారను మోగించాడు. ఆండి ఒంటికంటితో చుట్టూ చూశాడు. అంతా తమిళమే. ఒకరు మల్లెపూల ధర మాట్లాడుతున్నారు, ఒకరు పత్తి. తెలుగులో చెబితే ఇక్కడ ఎవడికి అర్థమవుతుంది? గట్టిగా అరిచాడు.

"పొంగలిబండ కింద! వాల్వు పొంగలిబండ కింద ఉండాది! బండ దొర్లించు!"

వెనక సీటులో పూలబుట్ట పెట్టుకున్న ముసలామె గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో సామీ! పొంగలిబండ దొర్లించినారా?"

ముందు సీటువాడు తల తిప్పాడు. "ఏ ఊరి దొడ్డి, పెద్దాయనా?"

కండక్టరు టికెట్లు చించుతూనే అడిగాడు. "ఇత్తడిదా, ప్లాస్టిక్కుదా?"

ముగ్గురూ తెలుగే. సెల్లాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ బస్సులో సగంమంది మనవాళ్ళేనని నలభై ఏళ్ళుగా తెలియలేదా నీకు?"

ఫోనులో జీవా గొంతు సన్నగా వచ్చింది. "మామా, ఆ బండ నేను ముట్టేదా? ఆడవాళ్ళు చూస్తా ఉండారు."

"ముట్టు. పాపం నాది."

"చెప్పులు తీసేస్తి."

గడ్డపార రాతికి తగిలిన చప్పుడు. ఎవరో ఆడమనిషి తిట్టు. ఆండి ఫోనును చెవికి అదిమి పెట్టి నిలబడ్డాడు. పూలామె కూడా మెడ చాచి వింటూ ఉంది. చివరికి జీవా ఊపిరి విడిచాడు.

"ఆగింది మామా."

ఆండి అప్పుడు కూర్చున్నాడు. రెండు స్టాపులు కూర్చుని, మళ్ళీ లేచాడు.

ఆయన దొడ్డి చేరేసరికి మంద తొట్టి చుట్టూ ఉంది. జీవా పైపు అతికించి, మిగిలిన నీళ్ళు వదిలి ఉన్నాడు. తొట్టిలో మూడు జానల లోతు నీళ్ళు ఉంటాయి. దూడలు తాగాయి, పెద్దవి తోసుకుంటున్నాయి. సాయంత్రందాకా గట్టెక్కుతుంది. ఆడవాళ్ళు పసుపునీళ్ళతో బండ కడుగుతున్నారు. ఒక్కరూ ఆయన ముఖం చూడలేదు. పాండీశ్వరి కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు.

మోకాళ్ళదాకా బురదతో గుంత పక్కన నిలబడి ఉన్నాడు జీవా. "మళ్ళీ బండ మూసేదా మామా?"

"వద్దు. బస్సంతా విన్నారు. ఇంకో చోటు చూడాల. నువ్వూ రా."

"నేనా? పాత ఇనుప అంగడివాళ్ళు నా స్నేహితులు కదా మామా," అన్నాడు జీవా, బురద తుడుచుకుంటూ. మామ అనుమానం ఎప్పటినుంచో తెలుసన్నమాట వాడికి.

"అందుకే రమ్మంటా ఉండాను. వాళ్ళ కన్ను ఏడ పడదో నీకే తెలుస్తుంది."

"ఏమయ్యా, తల వంచొద్దని డాక్టరు చెప్పినాడు!" వెనకనుంచి సెల్లాయి కేక.

ఆండి తల వంచలేదు. మనిషే మోకాళ్ళ మీద దిగి, పైపు పోయే దారి వెంట మట్టి తడుముతూ పోయాడు.