మాగని ఎరువు

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి చాలాసేపైంది. జక్కయ్య చెవిన ఒక్క ముక్క పడలేదు. అతని చూపంతా బల్ల ముందు పేర్చిన పంటల మీద, అందులోనూ తన గంపెడు కొత్తిమీర మీదే ఉంది. భవానీపురం దాటాక కృష్ణ ఒడ్డున ఉన్న ఆ చిన్న చర్చిలో ఆవేళ కోతల పండగ. ఎవరి చేలో మొదట చేతికొచ్చింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. గుమ్మడికాయలొచ్చాయి, అరటిగెలలొచ్చాయి, కొత్త వడ్లొచ్చాయి. అయినా లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు కొత్తిమీర వంకే చూశారు. అది అంత పచ్చగా ఎందుకుందో జక్కయ్య ఒక్కడికే తెలుసు.

వానలు వెనకబట్టాక అతను చేను మూల గుంత తవ్వాడు. టౌను చెత్తనూ, మురుగు మడ్డినీ బండి మీద తోలించి, పొరలు పొరలుగా వేసి పైన మట్టి కప్పాడు. హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి మెచ్చుకున్నాడు కూడా.

"బాగా చేశావయ్యా. కానీ లోపల ఉడికి, చల్లారి, నల్లమట్టిలా పొడిపొడిగా అయ్యేదాకా దాని జోలికెళ్ళకు. మళ్ళీ వానలు పడేదాకా ఆగు. మాగకముందు తీస్తే అది ఎరువు కాదు, రోగం. పచ్చిగా తినే ఆకులకైతే అస్సలు తగలనివ్వకు" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

జక్కయ్య తలూపాడు. తలూపడంలో ఆ పేటలో అతన్ని మించినవాడు లేడు.

తీరా పండగ దగ్గరకొచ్చేసరికి కొత్తిమీర పాలిపోయి, పీలగా, చూడబుద్ధి కాకుండా తయారైంది. కిందటేడు అబ్రహాము తెచ్చిన తోటకూరను ఊరంతా పొగిడిన సంగతి జక్కయ్య కడుపులో ఇంకా మండుతూనే ఉంది. పెళ్ళాం సంపూర్ణమ్మ కూరల గంప ఎత్తుకుని గవర్నర్‌పేట వెళ్ళిన ఓ పొద్దున గుంత తెరిచాడు. వేడి ఆవిరి మొహాన కొట్టింది. వాసన సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఆ మడ్డిని నీళ్ళలో కలిపి మడంతా చల్లి, గుంత మూసి, ఏమీ ఎరగనట్టు కాళ్ళు కడుక్కున్నాడు. వారం తిరిగేసరికి మడి నిగనిగలాడింది. పప్పులోనో పులుసులోనో వేస్తారు, ఉడికితే ఏముంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ప్రార్థన అయింది. అయ్యగారు నవ్వుతూ చేతులెత్తారు.

"ఎండ ముదురుతోంది. ఎవరూ తొందరపడి వెళ్ళకండి, వెనకాల మజ్జిగ కలుపుతున్నారు. అందులోకి మన జక్కయ్య కొత్తిమీరే!"

అందరూ అతని వంక తిరిగి చూశారు. ఆడవాళ్ళ వైపు సంపూర్ణమ్మ మురిసిపోతూ పైట సర్దుకుంది. ఆమె ఒళ్ళో మనవరాలు బుల్లెమ్మ నిద్రపోతోంది. మజ్జిగలో అయితే పచ్చిదే. ఉడికేదెక్కడ? జక్కయ్య ఉప్పెన తర్వాత దివిసీమలో బావమరిదిని చూడ్డానికి వెళ్ళినప్పుడు కలరా అంటే ఏమిటో కళ్ళారా చూశాడు. పొద్దున నవ్వుతూ మాట్లాడిన మనిషి దాహం దాహం అని అల్లాడాడు, సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. ఆ కళ్ళు ఇప్పుడు అతనికి ఆ చర్చిలో ప్రతి మొహంలోనూ కనిపించాయి.

గబగబా వెనక్కి నడిచాడు. అమలమ్మ గంగాళం నిండా మజ్జిగ చిలికి, గుప్పెళ్ళ కొద్దీ కొత్తిమీర తుంచి వేస్తోంది. పిల్లలు గ్లాసులు పట్టుకుని అప్పుడే మూగారు.

చెప్పాలి. నోరు తెరిచాడు. చెబితే రేపటినుంచి సంపూర్ణమ్మ గంపలో ఆకు కొనేదెవరు? పీతికొత్తిమీర జక్కయ్య అని పేరు పెట్టరూ? కాలు జారినట్టు గంగాళం మీద పడ్డాడు. మజ్జిగంతా నేలపాలైంది.

"కళ్ళు నెత్తికెక్కినయ్యా జక్కయ్యా? ఇంతమందికి చేసిన మజ్జిగ!" అమలమ్మ గరిటె ఎత్తింది.

"చూసుకోలా అమలమ్మా. తప్పైపోయింది."

పిల్లలు విరగబడి నవ్వారు. తిట్లు ఇంత తియ్యగా ఉంటాయని జక్కయ్యకు ఆ రోజే తెలిసింది. గండం గడిచిందనుకుంటూ, తడిసిన పంచె పిండుకుంటూ ముందువైపుకొచ్చాడు.

గేటు దగ్గర సంపూర్ణమ్మ నిద్రపోతున్న బుల్లెమ్మను భుజాన వేసుకుని నిలబడి, వెళ్ళే ప్రతి ఇంటివాళ్ళకూ ఒక్కో కొత్తిమీర కట్ట అందిస్తోంది.

"మజ్జిగ పోతే పోయిందిలే వదినా. ఇంటికెళ్ళి పచ్చిపచ్చిగా పచ్చడి నూరుకోండి."

జక్కయ్య పంచె వదిలేశాడు. ఇప్పుడు ఏ కాలు జారాలి? ఎన్ని ఇళ్ళలో జారాలి?

"ఆగండి! ఎవరూ తినమాకండి!" అని కేకేశాడు. అందరూ ఆగిపోయారు. "గుంతలో ఎరువు మాగలా. పచ్చి మడ్డి చల్లాను దాని మీద. ఇన్‌స్పెక్టరు గారు వద్దన్నా ఇన్లా. మజ్జిగ కూడా నేను కావాలనే ఒలకబోశా. కట్టలు ఇక్కడ పడెయ్యండి, నేను పూడుస్తా. చేతులు సబ్బు పెట్టి కడుక్కోండి, మీకు పుణ్యముంటది."

అబ్రహాము ముందుకొచ్చి తన చేతిలో కట్ట కింద పెట్టి, అరచేతులు దూరంగా పట్టుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు కట్టలు వదిలేశారు. ఒకావిడ కట్టతో పాటు కాండ్రించి ఉమ్మేసింది కూడా. జక్కయ్యకు తలెత్తే ధైర్యం లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. కానీ ఎవరూ తాగలేదు, ఎవరూ తినలేదు. అది చాలనుకున్నాడు.

సంపూర్ణమ్మ మాత్రం కదల్లేదు. తిడుతుందని చూశాడు. ఆమె మొహంలో కోపం లేదు, నెత్తురూ లేదు.

"ఏమయ్యా, నాకైనా ముందు చెప్పకూడదా?" అంది. "బుల్లెమ్మ పొద్దున అన్నం తిననని మారాం చేసింది. నాలుగాకులు తుంచి పెరుగన్నంలో కలిపి పెట్టా. దేవుడికి పెట్టకముందే పెట్టానని తిడతావని నీకు చెప్పలా."

జక్కయ్య ఆమె భుజం మీది పిల్లను అందుకుని రోడ్డెక్కాడు. పెద్దాసుపత్రి ఆ మూలనెక్కడో ఉంది, బస్సు జాడ లేదు. సంపూర్ణమ్మ వెనక ఏడుస్తూ వస్తోంది. ఒళ్ళు వెచ్చగా ఉందా అని పిల్ల మెడ తడిమాడు. ఎండలో అన్నీ వెచ్చగానే ఉన్నాయి.

కుదుపులకు బుల్లెమ్మ కళ్ళు తెరిచింది.

"తాతా, దాహం" అంది.

ఎండకో, మరి దేనికో అతనికి తెలియలేదు. పరుగందుకున్నాడు.