షీ టీచరు కారులో దోషం

చాంగ్‌హువా ఊళ్లో టర్బో పెట్రోలు కారున్నవాడెవడైనా సరే, బుద్ధి ఉంటే నా దగ్గరికే వస్తాడు. గొప్పలు కాదు, నిజం. ఇంజిన్ని ఆడించే చిన్న కంప్యూటరు డబ్బా ఒకటుంటుంది. అందులో కంపెనీవాళ్లు పెట్టిన లెక్కలు చెరిపేసి, అంతకంటే మంచివి రాస్తాను. దాన్నే మ్యాపు మార్చడం అంటాం. కుర్రాళ్లందరికీ వేగం కావాలి, రాసిస్తాను. షీ టీచరు వచ్చి అడిగింది మాత్రం వేరు.

"ఒరేయ్ ఆ-కాయ్, ఇది మెత్తగా నడిచేలా చెయ్యి. బాబాయికి డోకులొస్తున్నాయి."

ఏడో తరగతిలో ఆవిడ నాకు లెక్కలు చెప్పింది. చెప్పడమంటే బెత్తంతో అరచేతులు వాచగొట్టింది. అలాంటావిడ కారు ఇప్పుడు నా చేతికి చిక్కింది. అబద్ధమెందుకు, లోపల భలే సంతోషంగా ఉంది.

బాబాయంటే ఆవిడ భర్త లియావ్. ముప్పై ఏళ్లు సిటీ బస్సు తోలిన మనిషి. చూపు తగ్గి లైసెన్సు వదిలేశాడు, తర్వాత కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆయన్ని తీసుకెళ్లడానికే టీచరు అరవై నాలుగో ఏట డ్రైవింగు నేర్చుకుంది. పోయిన నెల ఆయన రెండుసార్లు రానని మొండికేశాడట. "ఆ కారెక్కి కక్కుకోవడం కంటే ఇంట్లో చావడం నయం" అన్నాడట. ఇంకోసారి మానేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మ్యాపు రాసేముందు కారు మామూలుగా ఎలా నడుస్తోందో రికార్డు చెయ్యాలి. టీచరు స్టీరింగు పట్టుకుంది. నేను ల్యాప్‌టాప్‌తో పక్కన కూర్చున్నాను. వెనక బాబాయి ప్లాస్టిక్ సంచీ చేతపట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గడువు దాటని ఆకుపచ్చ మొక్కజొన్న చిప్స్ ప్యాకెట్టు దగ్గరుంటే యంత్రాలు మొరాయించవని మా నమ్మకం. టీచరు ఒకటి తెచ్చి అద్దం ముందు పెట్టింది. "గడువు తేదీ చూసే తెచ్చాలే" అంది.

నాలుగు సిగ్నళ్లు దాటేసరికి నా పేగులు నోట్లోకొచ్చాయి. అది కాలు కాదు బాబోయ్, రోకలి! పెడలు నొక్కగానే టర్బో, అంటే ఇంజిన్‌కు అదనంగా గాలి ఊదే పంకా, ఒక్క క్షణం బద్ధకిస్తుంది. ఆ క్షణం ఆగకుండా ఆవిడ ఇంకో పోటు పొడుస్తుంది. అప్పుడది ఒక్కసారిగా దూకుతుంది. ఆవిడ బెదిరి కాలు తీసేస్తుంది. మళ్లీ పోటు. కారు తప్పు పావు వంతైతే కాలి తప్పు ముప్పావు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు కారుని తిడుతున్నావా టీచరమ్మా, ఆగు, నీ కాలి బాగోతం ఇప్పుడే చూపిస్తానని షాపుకు రాగానే ల్యాప్‌టాప్ తెరవబోయాను. బాబాయి నా చొక్కా పట్టుకుని టైర్ల గుట్ట వెనక్కి లాక్కెళ్లాడు.

"తప్పు ఇంజిన్‌దే అని చెప్పరా."

"అది కాదు బాబాయ్, ఆవిడ కాలు..."

"ముప్పై ఏళ్లు బస్సు తోలినోణ్ణి, నాకు తెలీదట్రా? మొదటిరోజే తెలుసు. చెప్పానంటే ఇంక స్టీరింగు ముట్టుకోదు. ఈ వయసులో నాకోసం నేర్చుకుందిరా అది. చెప్పి ఏడిపించడం కంటే కక్కుకోవడమే నయం."

ఇంకేం చేస్తాను? వెళ్లి తప్పు ఇంజిన్‌దేనని టీచరుకు చెప్పాను.

మూడు రోజులు కూర్చుని రాశాను. పెడలు మొదటి సగం మొద్దుబారేలా, టర్బో నెమ్మదిగా అందుకునేలా. ఆవిడ రోకలితో దంచినా ఇంజిన్‌కు పూలదండ తగిలినట్టే. నా జన్మలో అంత మంచి మ్యాపు రాయలేదు.

కారు అప్పగించేటప్పుడు రికార్డు చేసిన గ్రాఫు కాగితం కవర్లో పెట్టివ్వడం మా షాపు అలవాటు. ఎవడూ చదవడు, ఫ్రేము కట్టించుకుంటారంతే. అలవాటు కొద్దీ టీచరుకీ ఇచ్చేశాను.

"ఈ నీలం గీత ఏమిట్రా?"

చచ్చాను! అది పెడలు గీత, ఆవిడ కాలు ఎంత నొక్కిందో చూపించేది. "ఇంజిన్ ఊపిరి, టీచర్" అన్నాను. ఆవిడ తలూపి కళ్లజోడు తీసేసింది.

ఆ తర్వాత బాబాయి ఒక్క డయాలిసిస్ కూడా మానలేదు. సంచీతో పనే పడలేదు. టీచరేమో వీధంతా చాటింపు వేసింది: "నేను చెప్పలా, నా డ్రైవింగుకేం? దోషం యంత్రంలోనే ఉంది." నా షాపు ముందే నిలబడి ఆ మాటంటుంటే పళ్లు కొరుక్కుంటూ బోల్టులు బిగించాను.

పదకొండు వారాలయ్యాక ఒక పొద్దున్న ఒక్కతే వచ్చింది.

"పాత లెక్కలు మళ్లీ పెట్టెయ్."

ఒళ్లు మండింది. "అదేంటి టీచర్! అలాంటి మ్యాపు ఈ దేశంలో ఇంకోడు రాయలేడు!"

ఆవిడ సంచీలోంచి గ్రాఫు కాగితం తీసి బల్లమీద పరిచింది.

"సిగ్నల్ దగ్గర బండి ఆగినా ఇంజిన్ తిరుగుతూనే ఉందిగా. మరి దాని ఊపిరి సున్నాకెలా పడిందిరా? ముప్పై నాలుగేళ్లు పిల్లల చేత గీతలు గీయించాను. నాకే చెప్తావా? ఇది నా కాలు."

నేను ఆ కాగితం మడవబోతే లాక్కుంది.

"ఆయన్ని మెషీనుకు తగిలించాక నాలుగు గంటలు నాకేం పని? మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో వెళ్లినప్పుడల్లా తిప్పుతున్నా. కాలు అదుపులోకొచ్చింది. ఇప్పుడు నీ మొద్దు మ్యాపుతో బండి కదలట్లేదు, వెనక స్కూటర్లవాళ్లు నన్ను తిడుతున్నారు."

"బాబాయికి చెప్పారా?"

"నోరు ముయ్! బస్సు తోలిన మనిషి, నా కాలి సంగతి ఆయనకి మొదటే తెలుసని నాకు తెలీదా? నన్ను నొప్పించకుండా కాపాడానని ఆయనకెంత గర్వమో నీకేం తెలుసు. అన్నీ పోయిన మనిషికి అదొక్కటీ మిగిలింది. నీ నోటివెంట ఒక్క మాట జారిందో, చూడు!"

నమ్మకం కుదరక మళ్లీ రికార్డు పెట్టి తిప్పించాను. నీలం గీత ఎక్కడా ఒక్కసారిగా ఎగరలేదు, పడలేదు. నాకు సిగ్గేసింది. నా మ్యాపు నా చేత్తోనే చెరిపేసి, కంపెనీ లెక్కలు తిరిగి ఎక్కించాను.

సాయంత్రం బాబాయి ఫోను చేశాడు.

"ఒరేయ్ ఆ-కాయ్! నీ మ్యాపు ఇన్నాళ్లకి కుదురుకుందిరా! ఇవాళ దారిలో నిద్రపట్టేసింది నాకు. జన్మలో ఇంకోడు తోలే బండిలో కన్ను మూసినవాణ్ణి కాదు. నీ చేతిలో విద్య ఉందిరా!" అని, గొంతు తగ్గించి, "మీ టీచరమ్మకేం తెలీదు కదా?" అన్నాడు.

"ఏం తెలీదు బాబాయ్."

"పాపం పిచ్చిది, ఇంకా కారుదే తప్పనుకుంటోంది" అని హాయిగా నవ్వాడు.