పగులు మీది గాజుపట్టీ

"నా జల్లెడ ఇటియ్యవే" అని సువర్చల ఎన్నిసార్లు అడిగినా చెల్లెలు మందాకిని వినిపించుకోవడం లేదు. వంటింటి గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, గోధుమపిండికి తప్ప సువర్చల మరి దేనికీ వాడనివ్వని ఆ జల్లెడలో సున్నం పోసుకుని, అరచేతి అంచుతో తడుతూ, మెత్తగా, తెల్లగా నేల మీదికి జల్లిస్తోంది.

"సున్నానికి మీ సైటులో వేరే జల్లెళ్లు లేవా?"

"ఉన్నాయిలే. దీని కన్ను సన్నం. అయినా నీ జల్లెడ అరిగిపోతుందా ఏంటక్కా?"

"ఎంత కడిగినా ఆ వాసన పోదు. రేపు చపాతీల్లో సున్నం తింటారా మీ బావగారు?"

"తిననీ. ఎముకలు గట్టిపడతాయి."

సువర్చలకి నవ్వొస్తుంది, ఆ నవ్వు పెదాల దాకా వచ్చేలోపే గుర్తొస్తుంది, మందాకిని బతికి లేదు. పాత కట్టడాల మరమ్మతు నేర్చుకునే శిక్షణలో ఉండగా ఒక పాత కచేరీ భవనం గోడ కూలి మీద పడి చనిపోయింది, అప్పటికి కూతురు తన్మయి బళ్లో కూడా చేరలేదు. తను చనిపోయిన సంగతి చెల్లెలికి తెలుసో తెలియదో. అక్కకి తెలిసిందని మాత్రం తెలియకూడదనుకుని, "కనీసం కింద కాగితమైనా పరుచుకోలేదే" అని విసుక్కుంటూ నిలబడుతుంది.

జల్లెడలో పోసింది దోసెడే, కింద మాత్రం సున్నం పెరుగుతూనే ఉంది, సువర్చల మడమలు మునిగాయి, కాలు పైకి తీద్దామని చూసేసరికి పోపు డబ్బాల అరలు ఎక్కడో పైన కప్పు దూలాలైపోయాయి, కిటికీ తలుపంత అయింది, తలుపు రెండు ఏనుగులు పట్టేంత అయింది, ఇది ఆ కచేరీయే. సువర్చల ఎన్నడూ అక్కడికి వెళ్లలేదు, పేపర్లో పడిన ఫోటో ఒక్కటే చూసింది, అందుకే కాబోలు గోడలన్నీ అచ్చు చుక్కలతో బూడిదరంగులో ఉన్నాయి, ఫోటోలో పడని ఆ కుడి మూల ఇక్కడా లేదు, ఉండాల్సిన చోట నల్లటి ఖాళీ ఉంది.

"అటు చూడకు" అంటుంది మందాకిని. "ఇటు చూడు."

గోడ నిండా పగుళ్లు, ఒక్కో పగులు మీదా వేలంత వెడల్పు గాజుముక్క అడ్డంగా అతికించి ఉంది.

"గోడ జరుగుతోందో లేదో మన కంటికి తెలీదక్కా. అందుకని ఈ పట్టీలు. వెంట్రుకంత జరిగినా గాజు పగుల్తుంది. పగిలిందా, పని ఆపి అందరం బయటికి." చూపిస్తున్న వేలికి చున్నీ అంచు చింపి కట్టిన పీలిక ఉంది. ఆ వేలిని అలాగే గాలిలో ఉంచి, గొంతు మార్చకుండా, "తన్మయి ఏది?" అంటుంది.

సువర్చలకి అప్పుడు అర్థమవుతుంది. దీనికోసమా వచ్చింది?

"ఇంట్లో ఉంది. చదువుకుంటోంది."

"ఇంట్లో లేదు. పైన ఉంది, చూడు."

పైన పరంజా మీద, వెదురు బొంగుల మధ్య, రెండు కాళ్లు వేలాడుతున్నాయి, బడి బూట్లు వేసుకున్న చిన్న కాళ్లు, మళ్లీ చూస్తే పెద్దపిల్ల కాళ్లు, ఏ వయసువైతేనేం, తన్మయికి ఎప్పుడూ ఎత్తు అంటే లెక్కలేదు. దిగవే అని అరవబోతే సువర్చల నోట్లో సున్నం అడ్డుపడుతుంది.

"నేను చేసిన ట్రైనింగుకే దాన్ని ఎంపిక చేస్తే నువ్వు వద్దన్నావంట?"

"అంటాను! ఆ గోడలు నిన్ను మింగింది చాలదా? తండ్రి లేడు, నువ్వు లేవు, ఎత్తుకుని పెంచుకున్నాను. తీసుకుపోవడానికి వచ్చావా? ఇవ్వను పో."

మందాకిని కోప్పడదు. అదే ఎక్కువ భయంగా ఉంది. గోడ దగ్గరికి నడిచి, దుమ్ము పట్టిన గాజుపట్టీల మధ్య తళతళలాడుతున్న ఒక్క కొత్తదాని ముందు ఆగుతుంది.

"ఇది గోడ కూలడానికి ముందురోజే పగిలింది. నేనే చూశాను. చెబితే పని ఆగిపోతుంది. కప్పు తెరిచి ఉంది, వానలొచ్చేస్తున్నాయి, నా పనిలో ఈ గోడొక్కటే మిగిలింది. ఆ గాజుపెంకులు ఊడబీకి, కొత్త గాజు అతికించేశాను."

"మందా!"

"భయమేసిందక్కా. రాత్రంతా భయమేసింది. చెబితే ఆడపిల్ల జడుసుకుందని నవ్వుతారనుకున్నాను."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"నీకు చెబితే మర్నాడు వెళ్లనిచ్చేదానివా? ఇంకెప్పుడైనా వెళ్లనిచ్చేదానివా?"

టక్కుమంటుంది. ఆ నల్లటి మూలలో ఎక్కడో ఒక గాజు, దాని పక్కది, ఆ పక్కది, వేళ్లు విరిచినట్టు వరసగా దగ్గరికొస్తున్నాయి, సువర్చల పరిగెత్తబోతే మందాకిని మణికట్టు పట్టుకుంటుంది, ఆ చెయ్యి తడి సున్నంలా చల్లగా, జిగురుగా ఉంది. పైనుంచి తన్మయి వంగి చూస్తోంది. "పెద్దమ్మా, ఇక్కడ గాజు పగిలింది. ఏం చెయ్యను?"

"నీకే చెబుతోంది అది" అంటుంది మందాకిని చెవి దగ్గర. "నాకు కాదు. పలకవేం?"

సువర్చల బలమంతా గొంతులోకి తెచ్చుకుంటుంది.

తన అరుపుకి తనకే మెలకువ వచ్చింది. మధ్యాహ్నం. కరెంటు పోయి ఫ్యాను ఆగింది, జాకెట్టు చెమటకి వీపున అతుక్కుపోయింది. వీధిలో ఉల్లిపాయల బండివాడు మైకులో అరుస్తున్నాడు. అలా పడుకుని ఉండగా, ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనని ఒక సంగతి గుర్తొచ్చింది. ఆనాడు మందాకినికి చివరిసారి నీళ్లు పోస్తున్నప్పుడు ఆసుపత్రి కట్లన్నిటి మధ్యా చూపుడువేలికి వేరే కట్టు ఉంది, చున్నీ అంచు పీలిక. విప్పి చూసింది తనే. లోపల సన్నటి, తిన్నని కోత, అప్పటికే పక్కు కట్టింది. రాళ్లు పడితే తెగే కోత కాదది, గాజుకి తెగినట్టుంది. ఆ ఏడుపుల్లో ఎవరిని అడుగుతుంది?

రాత్రి భోజనాల దగ్గర తన్మయి తలెత్తకుండా పప్పు కలుపుతోంది. నాలుగైదు రోజులుగా ఇంట్లో ఇదే వరస.

సువర్చల భర్త విశ్వపతే కదిపాడు. "ట్రైనింగువాళ్లకి జవాబివ్వడానికి ఇవాళే ఆఖరు కదమ్మా? రానని రాసేశావా?"

"తిన్నాక రాస్తాను పెదనాన్నా."

"రాయకు" అంది సువర్చల. "వెళ్లి చేరు."

విశ్వపతి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నిన్నటిదాకా ఆ మాటెత్తితే కంచాలు విసిరేలా ఉన్నావు!"

"నిన్నటి సంగతి నిన్నటిది. చారు పొయ్యనా?" చారు పోస్తుంటే సగం బల్ల మీద పడింది. తుడవకుండా కూర్చుంది సువర్చల. ఆ ఇంట్లో అదొక వింత. "తన్మయీ, నాకు భయం పోలేదు. పోదు కూడా. నీకూ అక్కడ ఏదో ఒక రోజు భయమేస్తుంది. గోడని చూసో, పైకప్పుని చూసో. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి. ఇంటికొచ్చెయ్యమనను. మానెయ్యమనను. నువ్వు వెళ్లి పెద్దవాళ్లతో చెప్పి, పని ఆపించేదాకా ఫోన్ మాత్రం పెట్టను."

"అక్కడ అందరికన్నా చిన్నదాన్ని పెద్దమ్మా. నేను ఆపమంటే ఎవరాపుతారు?"

"ఇంట్లో నా మీద అరుస్తావు చూడు, అలా అరువు."

తన్మయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "సరే."

"సరే అంటే కాదు. ఎవరికి చేస్తావు ఫోను?"

"నీకు."

"ఎప్పుడు?"

"భయమేసినప్పుడు."

"నవ్వుతారనిపిస్తే?"

తన్మయి తలెత్తి పెద్దమ్మని చూసింది. "అయినా చేస్తాను."

అప్పుడు గానీ సువర్చల తన కంచం ముందుకి లాక్కోలేదు.