ఎలుకల మావయ్య ఎక్కిన మెట్లు

“మైకులా? ఎలుకలకి మైకులెందుకండీ?” అంది భార్య, టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ.

“మైకు కాదే, మైక్రో ఆర్‌ఎన్‌ఏ. కణాల్లో ఉండే బుల్లి తునకలు. గుండె ముసలిదయ్యేకొద్దీ వీటిల్లో కొన్ని ఎక్కువైపోతాయట. మరమ్మతు చెయ్యమని చెప్పే జన్యువుల నోరు నొక్కేస్తాయట. పోనీ, మైకు లాక్కుంటాయనుకో.”

“ఈ ఇంట్లో ఆ పని మీదే. ఇవాళా మెట్లేనా? డాక్టరు చెప్పింది గాలికి పోయిందా?”

“ఈ ముసలి ఎలుకల జట్టు ఒక్కటేనే. తరవాత నేనే సెలవడుగుతా.”

పరిశోధనశాల నేలమాళిగలో ఎలుకలను సాకడం ఆయన ఉద్యోగం. వేళ్లనిండా పంటిగాట్లు, చొక్కానిండా పొట్టువాసన. చీలమండలు ఉబ్బి, నొక్కితే గుంట పడుతున్నాయి. ఆయాసం సంగతి పైవాళ్లకు తెలిస్తే గేటు దగ్గర కుర్చీ వేస్తారు. అప్పుడు ఎలుకలు లిఫ్టులో వెళ్తాయి. ఆ లిఫ్టు ఆగినప్పుడల్లా ధడేల్మంటుంది. బొచ్చు ఊడిన ముసలి ప్రాణాలు మూలకు నక్కి వణుకుతాయి. వాటి గుండెలు కోసి చూసేది పై అంతస్తులోనే. అక్కడ పైకి పోవడమంటే పైకి పోవడమే. పోయేవాటిని బెదరగొట్టి పంపడం దేనికని ఆయన బాధ.

పంజరం ఎత్తుకుని మెట్లవైపు నడిచాడు.

“లిఫ్టంటే ఇంత భయమేంటి మావయ్యా!” అన్నాడు వాచ్‌మన్, ఎప్పటిలాగే.

“ఎలుకలతో కాపురం కదరా, గుండె కూడా ఆ సైజుకే వచ్చింది,” అని నవ్వాడు. నవ్వు సగంలోనే ఊపిరి అందలేదు.

రెండో మలుపులో గోడకు ఆనుకున్నాడు. మూడో మలుపులో కూర్చుండిపోయాడు. పంజరాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒరగకుండా రెండు చేతులూ చుట్టాడు.

పరిశోధకురాలు వెతుక్కుంటూ దిగి వచ్చేసరికి ఎలుకలు ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. పంజరం నిటారుగానే ఉంది. ఆయన తల ఒరిగిపోయింది.

సాయంత్రం భార్య వచ్చింది. వాచ్‌మన్ ఏడుస్తున్నాడు. “ఆ లిఫ్టు భయమే లేకపోతే బతికుండేవాడమ్మా.”

“భయమా?” ఆమె అందరినీ తేరిపార చూసింది. “మాది ఐదో అంతస్తు బాబూ. రోజూ లిఫ్టులోనే వచ్చేవారు. ఇక్కడిది కుదుపుతుందిట, ఎలుకలు జడుసుకుంటాయిట. అందుకని మెట్లు.”

పరిశోధకురాలు తల దించుకుంది.

కింద మొదటి మెట్టు పక్కన, అడుగుల చప్పుడు కాకూడదని విడిచిన ఆయన చెప్పులు గోడవారగా ఉన్నాయి. ఉబ్బిన కాలికి పట్టాలని ఒకదాని పట్టీ చివరి రంధ్రం దాకా వదులు చేసి ఉంది.