మునగచెట్టుకి చెప్పిన లెక్కలు

పొద్దున్నే లోర్నా పెరట్లోకి వెళ్లి రెండు రెమ్మలు మునగాకు విరుచుకొస్తుంది. గుమ్మడి ముక్కలు, బెండకాయలు, గుప్పెడు రొయ్యలు వేసి పలచగా లస్వా చారు కాస్తుంది. దించబోయే ముందు ఆకు దూసి అందులో వేసి మూత పెడుతుంది. వీధి చివర తన భోజనాల కొట్టు తెరిచే లోపల ఆ చారు తల్లి చేత తాగించాలి. ఏ రోజైనా ముందు ఆ పని, తర్వాతే మిగతావి.

తల్లి పేరు కన్సోర్సియా. వీధి మొత్తానికి సియాంగ్, కూతురికి ననాయ్. వెదురు బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, గిన్నె పట్టుకొచ్చిన మనిషిని ఎగాదిగా చూస్తుంది.

"ఎవరమ్మా నువ్వు? చేపలు తెచ్చావా?"

"తెచ్చాను ననాయ్. ముందు చారు తాగు, తర్వాత బేరమాడుదువుగాని."

మొదట్లో ఆ మాటకి లోర్నా వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది. ఇప్పుడలా చెయ్యదు. సగం గిన్నె అయ్యేసరికి తల్లి చూపు ఒకచోట నిలుస్తుందని తెలుసు. అడుగున ఆకులు వేళ్లతో తీసుకుని నమిలేసరికి, సియాంగ్‌కి ఆ వేసవి తిరిగొస్తుంది.

ఆ వేసవికి ఆమెకి డెబ్భై దాటాయి. పనాయ్ దీవిలో ఆ ఊరు సముద్రానికి దగ్గర. చిన్నప్పుడు యుద్ధం వచ్చి బడి మూతపడితే, రెండో తరగతి పలక పక్కన పెట్టి చేపలు ఎండబెట్టే పనికి వెళ్లింది. ఎండుచేపలు చుట్టే పాత పేపర్లు కూడబలుక్కుని చదువుతూ చదువుతూ, పెళ్లీడు వచ్చేసరికి ఏ పుస్తకమైనా చదివేది. పెళ్లయింది, పిల్ల పుట్టింది, మొగుడు పోయాడు. చదవడం మాత్రం ఆగలేదు. కానీ ఎవరైనా "ఎంతవరకు చదివావు?" అంటే "రెండు" అని గొణిగి మాట మార్చేసేది.

ఆ మార్చిలో బళ్లకి సెలవులిచ్చాక, పెద్దవాళ్లు కూడా హైస్కూలు పరీక్ష రాయొచ్చని మునిసిపాలిటీ వాళ్లు మైకులో చెప్పుకుంటూ పోయారు. వానలు మొదలయ్యాక పరీక్ష. సియాంగ్ ఆ సాయంత్రమే వెళ్లి పేరు ఇచ్చి వచ్చింది.

"ఈ వయసులో ఎందుకు ననాయ్?" అంది లోర్నా.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడే? పొయ్యి మీద ఎసరు పెట్టి మర్చిపోతున్నాను. మొన్న మీ నాన్న పేరు కోసం పూటంతా వెతుక్కున్నాను. అంతా పోయేలోపల ఒక్కసారి ఆ బడి వేదిక ఎక్కి నా పేరు పిలవగా వినాలి."

అసలు భయం అదే. పొద్దున చదివింది సాయంత్రానికి నిలవడం లేదు. అందుకని ఆమె ఆ వీధిలో అందరూ చేసే పనే చేసింది. మొక్కలకి చదివి వినిపించింది.

ఆ వీధి మొక్కలు విన్నదాన్ని దాచుకుంటాయి. కోసుకు తిన్నవాళ్లకి అది గుర్తుకొస్తుంది, ఒంట్లో ఆ కూర ఉన్నంతసేపు. దీని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. పొరుగూరి కోడలిని తెచ్చుకున్నప్పుడు మాత్రం, వంకాయ మొక్కల దగ్గర అత్తగారిని తిట్టుకోవద్దని ముందే చెప్తారు.

ఎండలు మండిపోతున్న రోజులవి. సియాంగ్ బియ్యం కడిగిన నీళ్లు ఒక్కో పాదులో పోసి, పీట వేసుకుని కూర్చుని గట్టిగా చదివేది. అలసంద తీగకి చరిత్ర, కాకర పందిరికి సైన్సు. లెక్కలంటే ఆమెకి మొదటినుంచీ గుండెదడ. ఎండకీ గాలికీ తట్టుకునే చెట్టు కావాలని, లెక్కలు మొత్తం దడి వారనున్న మునగచెట్టుకి చెప్పింది. భిన్నాలు, శాతాలు, లాభనష్టాలు. మే నెలలో పిల్లలు మేరీమాతకి పూలు కోసుకోడానికి వచ్చేసరికి లెక్కల పుస్తకం అయిపోయింది.

పక్కింటి పానింగ్ దడి మీద గడ్డం ఆనించి వేళాకోళమాడేది. సియాంగ్ కంటే నాలుగేళ్లు చిన్న కాబట్టి అక్క వరసకి మనాంగ్ అని పిలిచేది, నోరు మాత్రం నలభై ఇళ్లకి సరిపోతుంది.

"మనాంగ్, నిన్న నువ్విచ్చిన కాకరకాయ తిన్నప్పటినుంచి కప్ప కడుపులో ఏమేం ఉంటాయో తప్ప ఇంకో ఆలోచన లేదు. రాత్రి అన్నం సహించలేదు తల్లీ!"

"నీ బుర్రలో ఏదో ఒకటి ఉండటం మంచిదేగా."

"అలసందలు తీసుకెళ్లనా పోనీ?"

"చరిత్ర. యుద్ధాలెక్కువ, అరగదు నీకు."

పానింగ్‌కి పెరడంటే ప్రాణం, పెరటికే ఆమెంటే పడదు. అడిగి తెచ్చి నాటిన మొక్క ఒక్కటీ ఆమె దగ్గర బతకలేదు. కొమ్మ బతకాలంటే దొంగిలించి నాటాలని, దొంగిలించానని నోరు జారితే అది ఎండిపోతుందని అక్కడ నమ్మకం. పానింగ్ ఎన్నడూ దొంగతనం చేసిన మనిషి కాదు. అందుకే ఆమె పెరడు బోడిగా ఉందని అందరూ అనుకునేవాళ్లు.

మునగాకు సంగతి వేరు. దడి వారన మునగచెట్టు ఉంటే అది వీధి సొత్తు. ఆకుకి ఎవరూ అడగరు, ఎవరూ కాదనరు. బాలింత ఇంట్లో ఉంటే మరీనూ.

జూన్‌లో తొలి జల్లు పడింది. తెల్లారితే పరీక్ష అనగా, బేకరీ వాళ్ల కోడలికి కవలలు పుట్టారు. పాలు పడాలంటే మునగాకు చారు కావాలి. ఆడవాళ్లు బుట్టలతో బిలబిలమంటూ వచ్చారు.

"తీసుకోండమ్మా, తీసుకోండి! ఇద్దరు పిల్లలాయె!" అని సియాంగ్ నిచ్చెన తానే పట్టుకుంది. పై కొమ్మలు అందకపోతే కత్తి తెచ్చి నరికించింది కూడా. చెట్టు మొండెమై మిగిలింది.

పొద్దు వాలుతుండగా, రేపటి చారుకని అన్నీ కోసుకుంటూ దడి దగ్గరికి వచ్చి, బుట్ట పట్టుకుని అలా నిలబడిపోయింది. అలసందలున్నాయి, కాకరకాయలున్నాయి. లెక్కలు లేవు.

లోర్నా పరుగెత్తుకుని బేకరీ వాళ్లింటికి వెళ్లింది. కుండ అప్పటికే ఖాళీ. బాలింత మంచం మీద పిల్లలకి పాలిస్తూ, నూటికి పన్నెండు చొప్పున ఎనిమిది వందలకి ఎంతో అడగనివాళ్లకి కూడా చెప్తోంది. ఇంటికొచ్చేసరికి సియాంగ్ వాకిట్లో కూలబడి ఉంది.

"పరీక్ష పోతే పోయిందే. నిచ్చెన పట్టుకున్నది నేనే. చెట్టులో ఏం దాచానో ఒక్కసారన్నా గుర్తు రాలేదు. లెక్కలు పోయాయన్న బాధ కాదిది. రేపు నిన్ను కూడా ఇలాగే మర్చిపోతాను."

లోర్నా తల్లి పక్కన కూర్చుని ఆమె చేతిలో బుట్ట తీసి పెట్టింది. దడి అవతల అంట్లు తోముతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి పానింగ్ వచ్చింది, తడి చేతులు పావడాకి తుడుచుకుంటూ. వేళాకోళం లేదు మొహంలో.

"మనాంగ్, మా వంటింటి వెనక్కి ఒకసారి రా."

"నీ కప్పల గోల తర్వాత వింటాలే."

"రమ్మంటుంటే!"

వంటింటి వెనక, నీళ్ల తొట్టికీ గోడకీ మధ్య, ఎవరి కంటా పడని చోట నిలువెత్తు మునగకొమ్మ. నిండా లేత చిగుళ్లు. సియాంగ్ ఒక చిగురు ముట్టి చూసింది. పానింగ్ పెరట్లో పచ్చగా ఉన్న మొక్కని చూడటం ఆమెకి అదే మొదలు.

"మేలో, పూలనెల మొదట్లో," అంది పానింగ్ నేల చూపులు చూస్తూ, "నువ్వు పుస్తకం మూసి చర్చికి వెళ్లావు చూడు, అప్పుడు విరిచాను. నీ లెక్కలన్నీ అయ్యాకే. దొంగిలించాను మనాంగ్."

ఆ మాట నోట్లోంచి రాగానే చివరి రెమ్మ వాలింది.

"అయ్యో, ఎందుకు చెప్పావే! ఊరుకుంటే బతికేదిగా!"

"బతికి? రోజూ దాని మొహం చూస్తూ, నువ్వు ఓడిపోయావని తలుచుకోనా? నిలబడి చూస్తావేంటి, కొయ్యి! వాడిపోతోంది!"

ముగ్గురూ గబగబా ఆకు దూశారు. కిందనుంచి పసుపు పాకుతుంటే, దానికంటే ముందు వాళ్ల వేళ్లు పరుగెత్తాయి. ఆఖరి రెమ్మ బుట్టలో పడేసరికి కొమ్మ కట్టెపుల్లలా మిగిలింది. పానింగ్ దాన్ని ఒకసారి నిమిరి, పీకి, పొయ్యి దగ్గర పడేసింది.

"రేపు ఈ కట్టెతోనే కాద్దాం చారు."

పొద్దున అలాగే కాచారు. సియాంగ్ రెండు గిన్నెలు తాగి, ఇస్త్రీ గౌను వేసుకుని, బడికి వెళ్లి పిల్లల బల్లలో ఇరుక్కుని కూర్చుంది. చరిత్ర అలసందలా సాఫీగా వచ్చింది. సైన్సు చేదుగా ఉన్నా వచ్చింది. లెక్కల పేపరు తీసేసరికి మాత్రం తలలో పానింగ్ గొంతు మోగింది. పానింగ్ రోజూ ఆ కొమ్మ పక్కనే అంట్లు తోముతూ లోకాన్నంతా తిట్టేది మరి. ప్రతి భిన్నం వెనకా ఒక తిట్టు ఉంది. "ఆ చేపలవాడు చూడు, మంచు బరువు కూడా మన నెత్తిన రుద్దుతాడు, సచ్చినోడు!" అంటుంటే, మొత్తం బరువు, నికర బరువు అన్న లెక్క అద్దంలో చూసినట్టు కనబడింది. సియాంగ్ నవ్వాపుకోలేకపోయింది. కాపలా ఉన్న టీచరు వచ్చి, "బాగానే ఉన్నారా లోలా?" అని అవ్వని పలకరించినట్టు అడిగింది.

"ఇంత బాగా ఎప్పుడూ లేను," అంది సియాంగ్, చకచకా రాసుకుపోతూ.

ఫలితాలొచ్చాక బడి వేదిక మీద తెల్ల గౌన్లు వేసుకున్న కుర్రకారు మధ్య ఆమె కూడా నిలబడింది. "కన్సోర్సియా పల్మారెస్!" అని మైకులో పిలిచారు. ఆమె నడిచి ముందుకొచ్చింది. బేకరీ కోడలు చంకకొక పిల్లతో లేచి నిలబడింది. పానింగ్ రెండు వేళ్లు నోట్లో పెట్టి వేసిన ఈలకి చర్చి ఫాదర్ ఉలిక్కిపడ్డాడు. సియాంగ్ మైకు దగ్గర ఆగి, "నేను హైస్కూలు," అంది.  చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

అప్పటికి మొండి మునగ గుబురుగా చిగిర్చింది. మర్నాడు పొద్దున సియాంగ్ దడి మీదుగా పిలిచింది.

"పానింగ్, నేను అటు తిరిగి చర్చి గంట వైపు చూస్తుంటాను. ఈలోగా ఏ కొమ్మ పోయినా నాకు తెలియదు."

"నన్ను దొంగని చేస్తావా?" అంటూనే పానింగ్ కత్తి తెచ్చింది.

ఆ తర్వాత వీధిలో ప్రతివాళ్లూ ఏదో ఒక పొద్దున సియాంగ్ చర్చి వైపు తిరిగే వేళ కనిపెట్టి వచ్చారు. కానీ అంతకుముందే, వేదిక దిగి వచ్చిన ఆ సాయంత్రమే, ఆమె గౌను కూడా విప్పకుండా పీట వేసుకుని మునగచెట్టు దగ్గర కూర్చుంది. ఈసారి చేతిలో పుస్తకం లేదు. మార్చి నెల మైకునుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. మొగుడి పేరు చెప్పింది. లోర్నా పుట్టినప్పుడు ఎంత వాన కురిసిందో చెప్పింది. ఒక్క పేరూ వదల్లేదు.

ఆ మధ్య వచ్చిన తుఫానుకి ఆమె చెట్టు కూలింది. లోర్నా కంగారు పడలేదు. పానింగ్ ఇంటి వెనక నుంచి ఒక కొమ్మ దొంగిలించుకొచ్చి నాటింది. ఏ ఇంట చూసినా అదే చెట్టు కదా.

గిన్నె ఖాళీ అయింది. సియాంగ్ మూతి తుడుచుకుని తల ఎత్తింది.

"లోర్నా, బెండ గింజలు నానబెట్టావా?"

"పెట్టాను ననాయ్."

"నేను హైస్కూలు పాసైన సంగతి నీకు చెప్పానా?"

కొట్టు తెరిచే వేళ దాటిపోతోంది. లోర్నా తల్లి పక్కనే బల్ల మీద సర్దుకుని కూర్చుంది.

"లేదు, చెప్పు."