కాంటా ఎక్కిన కుక్క

అత్వెల్లి ద్రాక్షతోటకు కాపలా ఉండే పర్వతాలుది పిల్లిని చూసొచ్చి పులిని చంపానని చెప్పే నోరు. అంతటి నోరూ ఆ కుక్క ముందు మూగబోయింది. మందుల్ని పరీక్షించే కంపెనీలో ఏడేళ్లు పంజరంలో బతికిన కుక్క అది. వాళ్లు వదిలేస్తే, అలాంటి కుక్కలకు ఇళ్లు వెతికే మచ్చ బొల్లారం రోజారాణి తెచ్చి అతనికి అప్పగించింది.

"ఆదివారం దాన్క సూడు కాకా. తినకుంటే నేనే తీస్కపోత. ఇంకో ఇల్లు దొర్కలె, మల్ల పంజరంల ఉంచుడే" అంది.

కుక్క మన్ను తగిలితే ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకునేది. కాకి అరిస్తే వణికేది. పర్వతాలు పాదం మీద తలపెట్టి పడుకునేది. అక్కడే అతను కరిగిపోయాడు. కానీ పాలన్నం పెట్టినా, కోడికూర పెట్టినా ముట్టదు. గిన్నె దాకా వచ్చి, నువ్వేదో మర్చిపోయావన్నట్టు అతని మొహంలోకి చూసేది.

"ఏందయ్యా, అల్లునికి మర్యాదలు తక్కువైనయా? కాళ్లు కడుగు" అంది భార్య సిద్దమ్మ.

"కడిగిన. తువ్వాలతోటి తుడ్సిన గూడ" అన్నాడు పర్వతాలు, నవ్వకుండా.

ఆదివారం పొద్దున బేరగాడు శంకరయ్య ద్రాక్ష తూచడానికి కాంటా దించాడు. బుట్ట పెట్టకముందే కుక్క వచ్చి దాని మీద కూర్చుంది. దించితే మళ్లీ ఎక్కింది.

"దీన్ని గూడ అమ్ముతున్నవా, అన్నా?"

"తూచి పారెయ్యి, దిగుతదేమో!"

పదకొండు కిలోలు తూగింది. కుక్క దిగి, తిన్నగా గిన్నె దగ్గరికి పోయి అడుగు దాకా నాకేసింది. ఇద్దరూ నోళ్లు తెరిచారు.

రోజారాణి గొలుసు పట్టుకుని రానే వచ్చింది. పర్వతాలు పరుగెత్తి చెప్పాడు.

"నీ కతలు నాకు ఎర్కలేవా కాకా?"

"ఈ ఒక్కటి నిజం బిడ్డా!"

కుక్కను పిలిచి తూచాడు. సిద్దమ్మ పెట్టిన రెండో గిన్నె కూడా ఖాళీ అయింది. రోజారాణి మన్నులోనే కూలబడి ఏడ్చింది.

"ఆ కంపెనీల రోజు తూచినంకనే తిండి పెట్టెటోళ్లంట, కాకా. నాకు యాదికే రాలె."

తిన్నాక ఏడుపెందుకో పర్వతాలుకు అంతుపట్టలేదు. "మరి ఇంక ఎన్ని దినాలు తూచాలె?"

"నాకు గూడ తెల్వదు" అంటూ ఆమె గొలుసు సంచిలో పెట్టుకుంది.

ద్రాక్ష తూకం అయ్యాక శంకరయ్య కాంటాను ఆటోలోకి ఎత్తబోతే పర్వతాలు దాని కాలు పట్టుకున్నాడు.

"దీన్ని ఈడనే ఉంచు, తమ్మీ. ఎన్ని దినాలని అడుగకు, నాకే తెల్వదు."